ఓస్లోలో సగం రోజు

స్కార్విక్,
11 ఫిబ్రవరి 1994

హెర్డిస్‌కి,

ముందు కూర్చో. కూర్చున్నావా? నేను పెళ్ళి చేసుకుంటున్నాను.

నవ్వడం అయిపోయాక మిగతాది చదువు. అరవై రెండేళ్ళకి పెళ్ళేమిటని నువ్వు అడగవు గానీ వౌటర్ అడుగుతాడు. మా మరిదికి ఇలా చెప్పు: ఐలర్ట్ ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం మా ఇంట్లో చేపల సూప్ తాగుతున్నాడు, తాగిన గిన్నె తనే కడిగి వెళ్తున్నాడు. మొన్న గిన్నె కడుగుతూ కడుగుతూ వెనక్కి తిరగకుండానే, "రాగ్నా, ఇద్దరు మనుషులకి రెండు పొయ్యిలు దేనికి, కట్టెలు దండగ కాకపోతే?" అన్నాడు. పెళ్ళి అడిగే పద్ధతి ఇదేనా అని మండిపడి పంపేశాను. మర్నాడు గడ్డం గీసుకుని, చర్చికి వేసుకెళ్ళే చొక్కా వేసుకుని వచ్చి మళ్ళీ అడిగాడు. ఈసారి నా మొహం చూస్తూ అడిగాడు. సరేనన్నాను.

ఏప్రిల్ 16, శనివారం మధ్యాహ్నం, మన చర్చిలోనే. సాక్షిగా నా పక్కన నువ్వు నిలబడాలి. నాకు ఇంకెవరూ వద్దు.

ఇక అసలు విషయం. ప్రయాణం నీ ఇష్టానికి వదిలిపెట్టను. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చాక ఓస్లోలో తక్కువలో తక్కువ సగం రోజు ఆగాలి. తర్వాత ట్రోమ్సోలో ఒక రాత్రి పడుకోవాలి. మన ఊరికి రోజుకి ఒకే ఒక చిన్న విమానం, దాని బుద్ధి నీకు తెలియనిది కాదు. గాలి నచ్చకపోతే మన ఇంటి పొగగొట్టం మీదుగా ఎగిరిపోయి పక్క ఊళ్ళో దిగుతుంది. అందుకని నువ్వు గురువారానికల్లా ఇక్కడ ఉండేట్టు చూసుకో. నిదానమే ప్రధానం.

అన్నట్టు, నువ్వు వస్తున్నావని తెలిసి జనం వరస కట్టారు. ఐలర్ట్ తమ్ముడికి డచ్చి జిన్ సీసా ఒకటి, చర్చిలో ఆర్గన్ వాయించే ఆయనకి ఒకటి, ఎయిర్‌పోర్టు కౌంటర్లో కూర్చునే యోరున్‌కి చుట్ట పొగాకు, పెట్రాకి ఆ పాత జున్ను, అదే, కంపు కొట్టేది. ఇంకా ఉన్నారు గానీ ప్రస్తుతానికి ఇవి చాలు.

ఫోన్ చెయ్యకు. చేపల ఫ్యాక్టరీలో చేపల్ని ముక్కలు కోసే యంత్రాల పక్కన ముప్ఫై ఏళ్ళు నిలబడ్డందుకు చెవులు బొత్తిగా పోయాయి. నువ్వు అక్కడ అరవడం, నేనిక్కడ "ఆఁ? ఆఁ?" అనడం తప్ప ఏం లాభం లేదు. ఉత్తరమే రాయి.

అక్క,
రాగ్న


హార్లెమ్,
24 ఫిబ్రవరి

పెళ్ళికూతురికి,

నవ్వలేదు. షాపులో ఒక ముసలాయన సైకిలు చక్రం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, నేను ఆయన ముందే ఏడ్చేశాను. పాపం, చక్రం గురించి ఏడుస్తున్నానేమోనని ఆయన కంగారుపడి "పర్వాలేదమ్మా, రేపొస్తాను" అని వెళ్ళిపోయాడు. ఐలర్ట్ బావకి నా తరఫున ఒక గట్టి కౌగిలి ఇవ్వు. వౌటర్ నిజంగానే "అరవై రెండేళ్ళకా?" అన్నాడు. మోచేత్తో పొడిచాను, ఇప్పుడు చాలా సంతోషంగా ఉన్నానంటున్నాడు.

వస్తాను, అడగాలా! కానీ అక్కా, ఏప్రిల్లో హార్లెమ్‌లో ఉన్నవాళ్ళందరూ ఒకేసారి సైకిళ్ళు బయటికి తీస్తారు. మా షాపుకి పండగా అదే, గండమూ అదే. శుక్రవారం నుంచి మంగళవారం దాకా మాత్రమే కదలగలను. టికెట్ తీసేశాను కూడా. శుక్రవారం పొద్దున్నే బయల్దేరి, ఓస్లోలో గంటా పావు ఆగి, ట్రోమ్సోలో మారి, సాయంత్రానికి స్కార్విక్. శనివారం పెళ్ళి. ఇంతకంటే ఏం కావాలి?

నువ్వు వేసిన లెక్క చూసి నవ్వొచ్చింది, కొంచెం నొప్పి కూడా కలిగింది. నాకు దొరికిన ఆ నాలుగు రోజుల్లో ఓస్లోకి సగం రోజు, ట్రోమ్సోకి ఒక రాత్రి పోతే, మీ అందరికీ కలిపి మిగిలేదెంత? నేను అక్కని చూడ్డానికి వస్తున్నానా, విమానాశ్రయాలు చూడ్డానికా? నేను ఎక్కువసేపు ఇంట్లో కూర్చుంటే నీకు పని అడ్డం అనుకుంటే ఆ మాట నేరుగానే చెప్పచ్చు.

ఇక ఆ సీసాల సంగతి. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, నేను సీసాలు గలగలలాడించుకుంటూ రావాలన్నమాట! ఊరికి సాక్షి కావాలా, సరుకు మోసే మనిషి కావాలా? సరే, జిన్ తెస్తాను. జున్ను మాత్రం పెట్రాకి స్వయంగా వచ్చి తినమను.

నువ్వు ఏ రంగు వేసుకుంటున్నావో రాయి. నేను నీలం తెస్తున్నాను.

నీ
హెర్డిస్


స్కార్విక్,
7 మార్చి

హెర్డిస్‌కి,

గంటా పావు! నీ ఉత్తరంలో ఆ మాట దగ్గర ఆగి, మళ్ళీ ఆ మాటే చదివాను. నా కాఫీ చల్లారిపోయింది.

ఒసేయ్, ఓస్లోలో దిగిన వెంటనే పక్క విమానం ఎక్కెయ్యడం కుదరదని నీకు తెలియదా? విదేశం నుంచి వచ్చేవాళ్ళ పెట్టెలు అక్కడ దించేస్తారు. పెట్టె మీద స్కార్విక్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా సరే, అది తనంతట తాను ముందుకు రాదు. నువ్వే తీసుకుని, కస్టమ్స్ వాళ్ళకి చూపించి, మళ్ళీ ఇంకో వరసలో నిలబడి అప్పగించాలి. అందులోనూ సీసాలున్న మనిషివి. కస్టమ్స్ వాడు ఒక్కొక్క సీసా పైకెత్తి చూసి ముచ్చటపడేలోగా నీ విమానం ఎంచక్కా ఎగిరిపోతుంది. సగం రోజు అన్నది నీమీద ప్రేమ తక్కువై కాదు.

మన ఊళ్ళో అయితే యోరున్ ఇంటికి ఫోన్ చేసి, "బయల్దేరారా? పర్వాలేదు, పైలట్‌ని ఇంకో కప్పు కాఫీ తాగమంటాను" అంటుంది. ఓస్లోలో యోరున్ లేదు. పోయినసారి ఏమైందో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

కుదరదంటే ఇప్పుడే చెప్పెయ్. పెట్రా ఇక్కడే ఉంటుంది, పిన్ని కూతురే కదా, నా పక్కన నిలబడుతుంది. చివరి నిమిషంలో వెతుక్కోవడం నా వల్ల కాదు.

బూడిద రంగు వేసుకుంటున్నాను. తెలుపు వేసుకోమని పెట్రా అంటుంది. నా వయసుకి తెలుపు వేసుకుంటే మంచులో కనబడనన్నాను.

రాగ్న


హార్లెమ్,
17 మార్చి

అక్కా,

"పోయినసారి" అని రాశావు.

అయితే పోయినసారి గురించే మాట్లాడుకుందాం, ఎనిమిదేళ్ళుగా ఒక్కసారీ మాట్లాడుకోలేదు కాబట్టి. అమ్మ పోయిందని కబురొచ్చిన రోజు నేను దొరికిన మొదటి టికెట్ తీశాను. మధ్యలో ఓస్లోలో నలభై నిమిషాలు. చాలని వాళ్ళన్నారు, చాలని నేనూ అనుకున్నాను. పెట్టె రాలేదు. వచ్చేదాకా నిలబడ్డాను, ఎందుకంటే అమ్మకి కప్పాలని నేను అల్లిన శాలువా అందులో ఉంది. తర్వాత పరిగెత్తాను. గేటు దగ్గరున్న అమ్మాయితో, "నేను స్కార్విక్ మనిషిని, రేపు మా అమ్మని పూడుస్తున్నారు, వస్తున్నానని పైలట్‌కి చెప్పండి" అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. విమానం అద్దానికి అవతలే ఉంది, కిటికీల్లోంచి మనుషుల తలలు కూడా కనిపిస్తున్నాయి. మన ఊళ్ళో అయితే ఆగేది. ఆగుతుందని నేను నిజంగా నమ్మాను అక్కా. నా కళ్ళముందే వెనక్కి జరిగి వెళ్ళిపోయింది.

నేనొచ్చేసరికి అంతా అయిపోయింది. పాస్టరుగారికి పక్క ఊళ్ళో ఇంకో అంత్యక్రియ ఉందట, ఆగలేకపోయారట. నువ్వు తలుపు తీసి, "సూప్ వేడిగా ఉంది, తిను" అన్నావు. అంతే. అప్పట్నుంచి ఈ ఎనిమిదేళ్ళలో నువ్వు ఒక్క మాట అనలేదు. మా అక్క మనసు ఎంత పెద్దదో అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, అనకపోవడం వేరు, మనసులో పెట్టుకోకపోవడం వేరు.

పెట్రాని పెట్టుకుంటే నీకు నిశ్చింత అయితే పెట్రానే పెట్టుకో. నేను వెనక బెంచీలో కూర్చుంటాను, సమయానికి వస్తే.

హెర్డిస్


స్కార్విక్,
28 మార్చి

హెర్డిస్,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మూడుసార్లు జవాబు రాసి పొయ్యిలో పడేశాను. నాకు పెద్ద పెద్ద మాటలు రాయడం రాదు. ఐలర్ట్ చూసి, "నీకు రాని పని వదిలేసి వచ్చిన పని చెయ్యి" అన్నాడు. నాకు వచ్చిన పని కారు నడపడం.

కాబట్టి విను. ట్రోమ్సో వద్దు, మన చిన్న విమానమూ వద్దు. శుక్రవారం ఓస్లో నుంచి నేరుగా కిర్కెనెస్‌కి వచ్చే పెద్ద విమానం ఎక్కు. టికెట్ మార్చుకో, తేడా ఏమైనా ఉంటే నేనిస్తాను. నేను గురువారమే కారులో బయల్దేరి కొండ దాటి కిర్కెనెస్ వచ్చి ఉంటాను. పెద్ద విమానానికి గాలి లెక్కలేదు. నువ్వు దిగేసరికి నేను తలుపు దగ్గర నిలబడి ఉంటాను. ఇద్దరం కలిసి ఇంటికొద్దాం. దారిలో మాట్లాడుకోవచ్చు, నా కుడి చెవి వైపు కూర్చుంటే కొంచెం వినబడుతుంది.

పెట్రాతో చెప్పేశాను, చెల్లెలు వస్తోంది, నువ్వు కేకు చూసుకుంటే చాలని. మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ.

మనసులో పెట్టుకున్నదేదో ఉంది, నిజమే. కానీ నువ్వనుకున్నది కాదు. ఎదురుగా ఉన్నప్పుడు చెబుతాను.

రాగ్న


హార్లెమ్,
29 మార్చి

అక్కా,

నా పోయిన ఉత్తరం పెట్టెలో వేసిన రాత్రి నుంచి సరిగ్గా నిద్ర లేదు. ఈ పాటికి నువ్వు చదివి ఉంటావు. వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి దాని వెనకే ఇంకొకటి తరుముతున్నాను.

పొద్దున షాపు వౌటర్‌కి వదిలేసి టికెట్ల ఆఫీసుకి వెళ్ళాను. ఉన్న టికెట్ మార్చేశాను. బుధవారం బయల్దేరుతున్నాను. ఓస్లోలో సగం రోజు, నువ్వు చెప్పినట్టే. ట్రోమ్సోలో రాత్రి, నువ్వు చెప్పినట్టే. గురువారం మధ్యాహ్నం మన చిన్న విమానంలో స్కార్విక్. టికెట్ ఇచ్చిన అమ్మాయి, "మేడమ్, ఓస్లో నుంచి ఇంకా ముందే విమానం ఉంది, ఇంతసేపు ఎందుకు కూర్చుంటారు?" అంది. "మా అక్క కూర్చోమంది" అన్నాను. ఆ పిల్ల నవ్వి టికెట్ నా చేతికిచ్చింది. దానికీ అక్క ఉండి ఉంటుంది.

వౌటర్ సైకిళ్ళు చూసుకుంటానన్నాడు. వారం రోజుల్లో షాపు మునిగిపోయినా సరే, పెళ్ళికి ముందు రెండు రోజులు నీ వంటింట్లో ఉల్లిపాయలు తరగాలని ఉంది.

జున్ను కూడా కొన్నాను. పెట్రాకి చెప్పకు, ఆశపెట్టి చూద్దాం.

నీ
హెర్డిస్


కొండ మీద సత్రం,
15 ఏప్రిల్, శుక్రవారం సాయంత్రం

హెర్డిస్,

ఈ ఉత్తరం నీకు ఏ ఊళ్ళో అందుతుందో తెలియదు. హార్లెమ్ చిరునామాకే రాస్తున్నాను.

కిర్కెనెస్‌లో తలుపు దగ్గరే నిలబడ్డాను. విమానం సమయానికే దిగింది. అందరూ బయటికొచ్చారు. సైనికులు వచ్చారు, పసిపిల్లల తల్లి వచ్చింది, చంకకర్రల ముసలాయన అందరికంటే చివర వచ్చాడు. తలుపు మూసేశారు. నువ్వు లేవు. అప్పటికీ ఇంకాసేపు ఉండి చూశాను. శుభ్రం చేసేవాళ్ళు నా కాళ్ళ కింద కూడా ఊడ్చేశారు.

కోపం రాలేదు, నమ్ము. మళ్ళీ ఓస్లోలో పెట్టె కోసం నిలబడి ఉంటుంది, మళ్ళీ అద్దం ముందు నిలబడి ఉంటుంది అనుకున్నాను.

ఇంటికి బయల్దేరాను. కొండ ఎక్కేసరికి గాలి లేచింది. దారికి అడ్డంగా గేటు వేసేశారు. మంచు తోసే బండి తప్ప ఇంకేదీ అటువైపు వెళ్ళకూడదట. గాలి తగ్గాక బండి వెనక కార్లన్నీ వరసగా పంపిస్తారట. ఎప్పుడు అంటే ఎవరూ చెప్పరు. రేపు నా పెళ్ళి అన్నాను. సత్రం ఆవిడ "అయ్యో" అని నాకొక పెద్ద కప్పు కాఫీ ఇచ్చింది. అంతకంటే ఆవిడ మాత్రం ఏం చెయ్యగలదు? ఇక్కడి టెలిఫోన్ నిన్ననే పోయింది.

అందరికీ జాగ్రత్తలు చెప్పే దాన్ని. సగం రోజు ఆగు, రాత్రి పడుకో అని నీకు పాఠాలు. నేనేమో పెళ్ళికి ముందు రోజు కొండకి అవతల ఉన్నాను. ఐలర్ట్ రేపు ఆ చొక్కా వేసుకుని చర్చిలో నిలబడతాడు, నేను రాను. ఎందుకు రాలేదో ఆయనకి తెలియదు. నాకు మనసు మారిందనుకుంటాడేమో అని భయంగా ఉంది.

హెర్డిస్, ఎదురుగా చెబుతానన్నది ఇక్కడే రాసేస్తున్నాను. అమ్మని పూడ్చిన రోజు నేను మాట్లాడకపోయింది నీ మీద కోపంతో కాదు. నువ్వు ఒక్కదానివే ఆ విమానాశ్రయంలో ఎలా కూర్చుని ఉంటావో అని ఆలోచించేదాన్ని, ఆ మాట ఎత్తితే నువ్వు ఏడుస్తావని ఎత్తలేదు. అంతే. ఊహించాననుకున్నాను గానీ నాకేం తెలియలేదు. ఇవాళ తెలిసింది. దారి మూసేశాక మనిషి ఏమీ చెయ్యలేడు, కాఫీ తాగడం తప్ప. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

బండి నడిపే ఒడ్వార్ తెల్లారగట్ల మన ఊరివైపు వెళ్తాడు. మనుషుల్ని ఎక్కించుకోవడానికి అనుమతి లేదట. ఉత్తరానికి ఉందన్నాడు. స్కార్విక్ పోస్టులో వేస్తాడు.

నువ్వు ఎక్కడున్నా ఏదైనా తిను.

అక్క


స్కార్విక్, నీ వంటిల్లు,
16 ఏప్రిల్, శనివారం పొద్దున

పిచ్చి అక్కా,

నేను ఇక్కడే ఉన్నాను! గురువారం మధ్యాహ్నం నుంచి నీ ఇంట్లోనే, నీ ఏప్రన్ కట్టుకుని ఉన్నాను!

ఒడ్వార్ కాఫీ కోసం నీ ఇంటి ముందు ఆగాడు. తలుపు తీసింది నేను. నన్ను పైకీ కిందకీ చూసి, "నువ్వు హెర్డిస్‌వి కదూ? నీ పేరున ఉత్తరం ఉంది, హాలండ్ పంపమంది మీ అక్క. అంత దూరం దేనికి?" అని నా చేతిలో పెట్టాడు. గుమ్మంలోనే నిలబడి చదివాను. వాడి కాఫీ పొంగిపోయింది.

నీ కిర్కెనెస్ ఉత్తరం నాకు అందింది. కానీ అప్పటికే నేను టికెట్ మార్చి నీకు రాసేశాను కదా, అది నీకు చేరే ఉంటుంది, కొండ దాటే పని ఉండదనుకున్నాను. నా ఉత్తరం ఏమైందో తెలుసా? ఈస్టర్ సెలవుల్లో ట్రోమ్సోలో పడుకుంది. తర్వాత రెండుసార్లు మన ఊరి మీదుగా ఎగిరి పక్క ఊళ్ళో దిగింది. చివరికి నేనొచ్చిన విమానంలోనే, నా కాళ్ళ వెనక సంచిలో వచ్చింది! ఉత్తరం, నేను కలిసి దిగాం. యోరున్ సంచి విప్పి నా చేతికే ఇచ్చింది. పొద్దున్నే నువ్వు కారులో వెళ్ళిపోయావని అప్పుడు చెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఊరి టెలిఫోన్ సాయంత్రానికే పోయింది. బావ తన పడవలో ఉన్న రేడియోలో కిర్కెనెస్‌కి కబురు పెట్టాడు. ఎయిర్‌పోర్టు వాళ్ళు నీ పేరు మూడుసార్లు మైకులో పిలిచారట, నువ్వు పలకలేదట. పలుకుతావా! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మైకు కిందే నిలబడి ఉంటావు, నాకు తెలుసు.

బావకి నీ ఉత్తరంలో మొదటి సగం చదివి వినిపించాను. రెండో సగం నాది. "మనసు మారిందనుకుంటాడేమో" అన్న చోట ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. ఆ మనిషి నీకోసం ఎన్నాళ్ళయినా ఉంటాడు, నువ్వు భయపడకు.

ఒడ్వార్ తిరిగి కొండకి వెళ్తున్నాడు, తొందర పెడుతున్నాడు. ఇది నీకు ఇస్తాడు. పెళ్ళి గురించి బెంగపెట్టుకోకు. గేటు ఎప్పుడు తీస్తే అప్పుడే రా. పరిగెత్తకు, మంచులో కారు జారుతుంది. మేమిక్కడే ఉంటాం.

నీ బూడిద రంగు గౌను ఇస్త్రీ చేసి పెట్టాను. నువ్వు కారు దిగి తొడుక్కుంటే చాలు.

హెర్డిస్


ఓస్లో విమానాశ్రయం,
20 ఏప్రిల్

అక్కా,

నువ్వు చెప్పినంతసేపూ కూర్చున్నాను, ఇంకా కూర్చునే ఉన్నాను. వెళ్ళేటప్పుడు ఇక్కడ పెట్టె తీసుకునే పని కూడా లేదు, అయినా నీ మాట జవదాటలేదు. రెండు కాఫీలు, రొయ్యలు పెట్టిన రొట్టె ఒకటి అయ్యాయి. ఎదుటి బల్ల దగ్గర ఎవరో పెద్దమనిషి బూట్లు విప్పి నిద్రపోతున్నాడు. హాయిగా ఉంది. ఇదివరకు ఈ చోటి పేరు ఎవరైనా ఎత్తితే మాట మార్చేసేదాన్ని. ఇందాక ఆ అద్దం దగ్గరికి కూడా వెళ్ళి నిలబడ్డాను. ఒక విమానం వెనక్కి జరిగి వెళ్ళిపోయింది. వెళ్తే వెళ్ళింది, నాది కాదు కదా అనుకున్నాను.

నీ పెళ్ళిలో నాకు అన్నిటికంటే బాగా గుర్తుండిపోయింది నువ్వు లోపలికొచ్చిన తీరు. కొండ మంచంతా నీ బూట్ల మీదే ఉంది, జుట్టు ఒక పక్కకి పోయింది. "ఆలస్యమైంది" అన్నావు ఊరందరితో. ఐలర్ట్ బావ "ఎక్కడ ఆలస్యం, ఇప్పుడే మొదలైంది" అన్నాడు. అంత మాట ఆయన ఎక్కణ్ణించి తెచ్చాడో! ఆరేళ్ళు సూప్ తాగి దాచుకున్నట్టున్నాడు.

వౌటర్‌కి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. నీకు మాత్రం ఒకటే చెబుతాను. కొండ మీద నువ్వు రాసిన ఉత్తరంలో ఆ రెండో సగం నేను పర్సులో పెట్టుకున్నాను. ఇకమీదట ఆ విషయం గురించి నేను ఏడవను.

నా విమానం పిలుస్తున్నారు. నాకు వినబడుతుంది, నువ్వు కంగారు పడకు.

హెర్డిస్


స్కార్విక్,
3 మే

నా హెర్డిస్‌కి,

నువ్వు క్షేమంగా చేరావని వౌటర్ పంపిన కార్డు అందింది. ఆయన అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయి గానీ మర్యాదస్తుడు. షాపు మునగలేదని రాశాడు, సంతోషం.

ఇక్కడ మంచు కరుగుతోంది, వీధంతా బురద. ఐలర్ట్ తన సామాను ఒక తోపుడు బండిలో తెచ్చుకున్నాడు. అన్నేళ్ళ సంసారం ఒక్క బండిలో పట్టింది, అందులో సగం గేలాలే. పొద్దున్నే లేచి ఎదురుగా ఇంకో మనిషి కనబడటం ఇంకా అలవాటు కాలేదు. నిన్న ఉలిక్కిపడి అరిచాను. ఆయన తిరిగి అరిచాడు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

నువ్వొక సంగతి నాకు చెప్పలేదు. నిన్న యోరున్ వచ్చి చెప్పింది, ఐలర్ట్ అవునన్నాడు.

పెళ్ళి మధ్యాహ్నం. నేను వచ్చేసరికి సాయంత్రం దాటింది. ఆ మధ్యలో ఏం జరిగిందో నేనడగలేదు, అందరూ మంచివాళ్ళు కదా, ఆగి ఉంటారనుకున్నాను. ఊరికే ఆగలేదట. పిల్లలు ఆకలికి ఏడిచారట. ఆర్గన్ ఆయన ఇంటికి వెళ్ళి పడుకుంటానని కోటు తొడుక్కున్నాడట. పాస్టరుగారు కూడా, "రేపు ఆరాధన అయ్యాక పెట్టుకుందామా?" అన్నారట. పెట్రా అయితే కేకు కొయ్యడానికి కత్తి కూడా తీసిందట.

అప్పుడు నువ్వు వెళ్ళి చర్చి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డావట. నీ నీలం గౌను మీద కోటు కూడా లేకుండా. "మా అమ్మని పూడ్చిన రోజున ఆగమని చెప్పడానికి నేనిక్కడ లేను. ఇవాళ ఉన్నాను. మా అక్క కొండ మీద ఉంది, వస్తోంది. కూర్చోండి" అన్నావట. అరవలేదట, మామూలుగానే అన్నావట. ఆర్గన్ ఆయన కోటు విప్పేశాడు. పాస్టరుగారు మొదటి బెంచీలో కూర్చున్నారు. ఎవరో ఇంటికెళ్ళి సూప్ గిన్నె తెచ్చారు, చర్చిలోనే పిల్లలకి పోశారు. నా కారు దీపాలు కనబడేదాకా నువ్వు ఆ తలుపు వదల్లేదట.

యోరున్ ఈ మాట చెప్పి వెళ్ళిపోయాక నీకు రాద్దామని కాగితం, కలం తీసి బల్ల మీద పెట్టుకున్నాను. ఐలర్ట్ దీపం నా దగ్గరికి జరిపాడు.

నా చెల్లెలు అంత దూరం నుంచి పెళ్ళికి వచ్చిందని ఊళ్ళో ఇంకా చెప్పుకుంటున్నారు. రావడానికేముంది, టికెట్ ఉంటే ఎవరైనా వస్తారు. నేను వచ్చేదాకా ఎవరినీ వెళ్ళనివ్వకుండా ఆపినదానివి నువ్వు. నా కోసం తలుపు పట్టుకుని నిలబడే మనిషి ఒకరున్నారని ఈ వయసులో తెలిసింది హెర్డిస్. నాకు చాలా సంతోషంగా ఉంది.

అక్క,
రాగ్న